గాలి తగిలితే బతకనివి

సర్జరీ వార్డు నుంచి వచ్చే చీము శాంపిల్స్‌లో కొన్నింటిని కాగితం చూడకముందే మా టెక్నీషియన్ పక్కకి తీసి పెడుతుంది. మూత కొంచెం వదులు చేస్తే చాలు, కుళ్ళు కంపు గదంతా పట్టేస్తుంది. కావాలని ముక్కు దగ్గర పెట్టుకుని చూడకూడదు, చూడం కూడా. చూడాల్సిన అవసరమే రాదు, అదే వస్తుంది. ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా మాంసకృత్తుల్ని విరగ్గొడుతూ వదిలే ఆమ్లాలు, గంధకం కలిసిన వాయువుల కంపు అది. కంపు లేనంత మాత్రాన అవి లేవని చెప్పలేం గానీ, ఉంటే మాత్రం అవి ఉన్నట్టే లెక్క.

నేను గోదావరి జిల్లాల్లో ఒక బోధనాసుపత్రిలో మైక్రోబయాలజీ చెప్తాను, శాంపిల్‌లోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షల రిపోర్టుల మీద సంతకాలు పెడతాను. ఈ విషయం రాయాలని చాన్నాళ్ళుగా ఉంది. కూర్చుని రాయించింది మాత్రం మా చిన్నాన్న కూతురు. వాట్సాప్‌లో ఒక రిపోర్టు ఫొటో పెట్టి, కింద వాయిస్ మెసేజ్: "అక్కా, మా మావయ్యగారి కాలి చీములో ఏ క్రిమీ లేదని వచ్చింది. మరి పుండెందుకు మానట్లేదు?"

ఫొటో పెద్దది చేసి చూశాను. ‘నో గ్రోత్ ఆఫ్టర్ 48 అవర్స్ ఆఫ్ ఏరోబిక్ ఇంక్యుబేషన్’ అని ఉంది. ఏ ల్యాబో ఇక్కడ అనవసరం, చాలాచోట్ల ఇలాగే ఇస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. గాలి ఉన్న చోట 48 గంటలు పెట్టాం, ఏమీ పెరగలేదు అంటున్నారు, అంతే. గాలి ఉంటే పెరగనివాటి సంగతి ఆ కాగితం ఎత్తనే లేదు. కానీ చదివేవాళ్ళకి ‘ఏరోబిక్’ అన్న మాట కనపడదు, ‘నో గ్రోత్’ ఒక్కటే కనపడుతుంది.

అదే చీమును ఒక చుక్క గాజు పలక మీద పూసి, (దీన్నే స్మియర్ అంటాం) గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే వ్యవహారం వేరేగా ఉంటుంది. గులాబి రంగులో సన్నగా, రెండు చివర్లా మొన తేలిన కడ్డీలు. పక్కనే రంగు సరిగ్గా పట్టని పొట్టి కడ్డీలు, ఒకటి పొడుగు, ఒకటి గుండ్రం, ఒక్కదానికీ ఇంకోదానితో పోలిక ఉండదు. మధ్యలో ఊదారంగు గుండ్రటి కణాలు గొలుసులుగా. చుట్టూ చీముకణాలు, వాటి లోపల మింగిన బ్యాక్టీరియా. మైక్రోస్కోపులో ఇంత సంత ఉండి, మర్నాడు క్రిముల్ని పెంచే ప్లేటు ఖాళీగా ఉందంటే, పెరగాల్సినవి పెరగలేదని అర్థం. సర్జరీ పీజీలు ఫోన్ చేసి "మేడమ్, ఏమీ రాలేదా?" అని అడిగితే "స్మియర్‌లో బోలెడున్నాయి బాబూ, ప్లేటులో రాలేదు. చీము ఎలా తీశారో ముందు చెప్పు" అంటాను. సగం సార్లు వచ్చే జవాబు "స్వాబ్ మేడమ్" అని.

స్వాబ్ అంటే దూది చుట్టిన పుల్ల. పుండు మీద అద్ది, గొట్టంలో పెట్టి, వార్డు బాయ్ వచ్చేదాకా కౌంటర్ మీద ఉంచి, అతను టీ తాగి, మూడు వార్డులు తిరిగి మా దగ్గరికి తెచ్చేసరికి దూదిలో ఉన్న గాలికే చావాల్సినవన్నీ చచ్చి ఉంటాయి. కొందరు జాగ్రత్తపరులు ఫ్రిజ్‌లో కూడా పెడతారు. చల్లదనం వీటికి ఇంకా చేటు. కావలసింది సిరంజితో లోపలి నుంచి లాగిన చీము, లేదంటే లోతులో కోసిన చిన్న కండ ముక్క. సిరంజిలో గాలిబుడగ లేకుండా చూసి, సూది తీసేసి మూత బిగించి, ఉన్నపళంగా పంపాలి. ఆ చీము మాకు అందిన రోజు ల్యాబ్‌లో పండగే.

ఈ జీవుల్ని పుస్తకాల్లో అవాయు బ్యాక్టీరియా అని రాస్తారు, మేం రోజూ అనరోబ్స్ అంటాం. మొదట గుర్తుపట్టింది లూయీ పాశ్చర్, 1861లో. వెన్న చెడినప్పుడు వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం ఎలా పుడుతుందో చూస్తూ, ఒక చుక్క ద్రవాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. చుక్క మధ్యలో ఉన్న కడ్డీలు చురుగ్గా కదులుతున్నాయి. అంచుల్లో, గాలి తగిలే చోట ఉన్నవి కదలకుండా పడి ఉన్నాయి. అప్పటిదాకా చూసిన జీవుల తీరు దీనికి పూర్తిగా ఉల్టా. గాలి లేకుండానే కాదు, గాలి లేకపోతేనే బతికే ప్రాణి ఉంటుందని ఆ చుక్క అంచు చూపించింది.

గాలి ఎందుకు చంపుతుంది? ఆక్సిజన్‌తో పని చేసే కణమేదైనా, దాంతో పాటు కొంత విషాన్నీ తయారు చేసుకుంటుంది. సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి. మన కణాల్లో వాటిని విరిచే ఎంజైములు దండిగా ఉన్నాయి. అనరోబ్స్‌లో చాలావాటికి లేవు, ఉన్నా చాలవు. మళ్ళీ అన్నీ ఒకే రకం కాదు. కొన్ని నిమిషాల్లో చస్తాయి, కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. మనకి జబ్బు తెచ్చేవి ఎక్కువగా ఈ ఓర్చుకునే రకమే. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనేదానికి ఆ ఎంజైములు రెండూ ఉన్నాయి, అందుకే పేగులోంచి బయటపడి, రక్తం పారే కండలోకి వచ్చినా కొంతసేపు తట్టుకుంటుంది. పేగులోని బ్యాక్టీరియాలో అది నూటికి ఒకటో రెండో, అంతకన్నా ఉండదు. కడుపులో గడ్డ కట్టిన చీములో మాత్రం అనరోబ్స్‌లో మాకు ఎక్కువ తగిలేది అదే.

ఇవన్నీ బయటి నుంచి వచ్చినవి కావని చెప్తే చాలామంది నమ్మరు. ధనుర్వాతం క్రిమి కూడా అనరోబే, అది మట్టిలోంచి, పేడలోంచి గాయంలోకి వస్తుంది. అది అందరికీ తెలుసు, అందుకే ఇనుప మేకు గుచ్చుకోగానే టీటీ ఇంజెక్షన్‌కి పరుగెడతారు. నేను చెప్తున్నవి మనలోనే ఉన్నవి. 2016లో ఇజ్రాయెల్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం, 70 కిలోల మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. మేం చదువుకునేటప్పుడు మనకన్నా అవి పది రెట్లు అని పుస్తకాల్లో ఉండేది. ఆ లెక్క తప్పని తేలిపోయింది, ఇప్పుడు ఇంచుమించు సమానం అంటున్నారు. అన్నిటినీ కలిపి తూచితే 200 గ్రాములు. అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే. గ్రాము మలంలో 10,000 కోట్ల దాకా ఉంటాయి. ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతికే ఈ.కొలై లాంటి ఒక్కోదానికి, ఆక్సిజన్ గిట్టనివి వందల రెట్లు, ఒక్కోచోట వెయ్యి రెట్లు.

అవి ఊరికే కూర్చోవు. మనకి అరగని పీచును పులియబెట్టి బ్యుటిరేట్ తయారు చేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి అదే. ఆ తిండి తిన్న కణాలు ఆక్సిజన్‌ని బాగా వాడేసుకుంటాయి కాబట్టి పేగు లోపలికి అది రానే రాదు, దాంతో అనరోబ్స్‌కి చోటు పదిలం. పుట్టిన బిడ్డ పేగులో ముందుగా దిగేవి ఈ.కొలై లాంటివి. ఉన్న కాస్త ఆక్సిజన్‌ని అవి తినేశాక తల్లిపాలు తాగే బిడ్డలో బిఫిడోబ్యాక్టీరియం దిగుతుంది. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆన్రీ తిసియే దీన్ని పసిపిల్లల మలంలో 1899 ప్రాంతంలో కనిపెట్టాడు. ప్రసూతి వార్డులో బాలింతలకి ఈ సంగతి చెప్తే ఆసక్తిగా వింటారు. పక్కన ఉన్న అమ్మమ్మలు మాత్రం ‘ఇదేం పాడు చదువమ్మా’ అన్నట్టు చూస్తారు.

నోట్లో గాలి ఆడుతూనే ఉంటుంది కదా, అక్కడెలా బతుకుతాయంటే, పంటికి చిగురుకి మధ్య ఉన్న సన్నటి సందులో. పంటి మీద పేరుకున్న గార పైపొరల్లో ఉన్నవి ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి, అడుగు పొరలకి చేరదు. చర్మం మీద కూడా ఉన్నాయి, నూనె గ్రంథుల అడుగున. మొటిమల్లో పాత్ర ఉన్న క్యూటిబ్యాక్టీరియం అక్కడిదే. ఆడవాళ్ళలో చెడు వాసనతో తెల్లబట్ట అయ్యే జబ్బుల్లో ఒకటి యోనిలో మంచి లాక్టోబాసిల్లస్ తగ్గి, అనరోబ్స్ పెరిగినందువల్ల వచ్చేది. శుభ్రత లేకపోవడం వల్ల అని అత్తగార్లు సాధిస్తుంటారు. అది నిజం కాదు. పైగా లోపల సబ్బు పెట్టి కడిగేకొద్దీ లాక్టోబాసిల్లస్ ఇంకా తగ్గుతుంది.

అయితే ఇవి ఉన్నచోట ఉన్నంతసేపే మంచివి. రక్తం సరిగ్గా అందని కండలోకో, తెగిన చోటుకో, చచ్చిన కణాల్లోకో చేరితే గడ్డ కడతాయి. ఎక్కువగా ఒంటరిగా రావు. ముందు ఈ.కొలై లాంటిది వచ్చి ఉన్న ఆక్సిజన్‌ని అవగొడుతుంది, వెనకాల ఇవి దిగుతాయి.

1970లలో అమెరికాలో కొందరు డాక్టర్లు దీన్ని ఎలుకల మీద పరీక్షించారు. పేగులో ఉండే సరుకును కడుపులో పెట్టారు. మొదట్లో కొన్ని ఎలుకలు రక్తంలో ఈ.కొలై పాకి చచ్చిపోయాయి. బతికి బయటపడ్డవాటి కడుపుల్లో చీముగడ్డలు కట్టాయి, వాటిలో ఎక్కువగా ఉన్నవి అనరోబ్స్. ఈ.కొలై లాంటివాటిని చంపే జెంటామైసిన్ ఇస్తే చావులు తగ్గాయి, గడ్డలు మాత్రం కట్టాయి. అనరోబ్స్‌ని చంపే క్లిండామైసిన్ ఇస్తే గడ్డలు తగ్గాయి, చావులు ఆగలేదు. రెండూ కలిపి ఇస్తేనే రెండూ తగ్గాయి. అపెండిక్స్ పగిలి వచ్చిన కుర్రాడికి ఒక్క యాంటీబయాటిక్ చాలదని సర్జన్ రెండు రకాలు ఎందుకు రాస్తాడో ఈ ఎలుకలే చెప్తాయి. పీజీలకి నేను ఈ ప్రయోగం చెప్పాక మళ్ళీ డోసుల పట్టిక చెప్పక్కర్లేదు. వాళ్ళకే వెలుగుతుంది.

పంటి సంగతికి వద్దాం. నాకు ఇది బాగా పట్టింపు ఉన్న విషయం. ఒక ఆటో డ్రైవర్, వివరాలు మార్చి చెప్తున్నాను, కింది దవడ చివరి పన్ను పిప్పి. నొప్పి వచ్చినప్పుడల్లా లవంగ నూనె దూది, తగ్గకపోతే మెడికల్ షాపు నుంచి నొప్పి మాత్ర. చెంప వాస్తే ఇంట్లో వేడి కాపడం. వాపు చెంప మీంచి దవడ కిందికి దిగి, రెండు వైపులా గడ్డం కింద చెక్కలా గట్టిపడింది. నోరు తెరుచుకోదు, నాలుక పైకి లేచిపోయింది, ఉమ్ము మింగలేక చొంగ కారుతోంది. కూర్చుని ముందుకు వంగితే తప్ప ఊపిరి ఆడట్లేదు. అంతవరకూ అతను ఆటో నడిపాడు. స్కూలు పిల్లల ట్రిప్ ఉందట.

దీన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు, 1836లో జర్మనీ డాక్టర్ లుడ్విగ్ వర్ణించాడు. కింది దవడ చివరి రెండు పళ్ళ వేర్లు, నోటి అడుగున పరుచుకున్న కండరం కన్నా కిందికి దిగి ఉంటాయి. అందుకే ఆ వేరు కొసన పుట్టిన చీము నోట్లోకి కాకుండా గడ్డం కింద ఖాళీలోకి దిగుతుంది. అక్కడి నుంచి వాపు గొంతుని మూసేస్తుంది. చంపేది చీము కాదు, ఊపిరి దారి మూసుకుపోవడం. మత్తు డాక్టరు ముందు ఊపిరి దారి చూసుకున్నాకే కోత పెట్టారు. ఆ చీము సిరంజిలో వచ్చింది, మూత బిగించి, వెచ్చగా. పంపిన అమ్మాయి పీజీ మొదటి సంవత్సరం. ఆమెకి అప్పటికప్పుడే ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

ఇలాంటిది వచ్చినప్పుడు మా పని ఎలా ఉంటుందంటే: బ్లడ్ అగార్ (రక్తం కలిపిన జెల్లీ లాంటిది) ప్లేట్ల మీద చీము గీసి, గట్టి ప్లాస్టిక్ జాడీలో పెట్టి, ఒక పొట్లం చింపి లోపల పడేసి, నిమిషం లోపే మూత బిగించాలి. పొట్లంలో ఉన్న రసాయనం జాడీలో ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. కాసేపటికి జాడీ బయట చెయ్యి పెడితే పొట్లం ఉన్న వైపు వెచ్చగా తగులుతుంది. లోపల నీలం రంగు సూచిక పట్టీ ఒకటి ఉంటుంది. అందులో ఉన్నది మిథిలిన్ బ్లూ. ఆక్సిజన్ పోయాక అది తెల్లబడుతుంది. మర్నాడు వచ్చి పట్టీ ఇంకా నీలంగా ఉంటే జాడీ ఎక్కడో లీకవుతోందని అర్థం, పొట్లం దండగ. రెండు రోజుల ముందు తెరవకూడదు. ఈ రెండు రోజులూ సర్జరీ వాళ్ళ ఫోన్లు. "మేడమ్, కొంచెం తెరిచి చూడండి" అంటారు. తెరిస్తే అయిపోయింది కథ.

పాత పద్ధతి ఇంకోటి ఉంది, మాకు ఇప్పటికీ ఇష్టం. పశువు గుండె మాంసాన్ని తరిగి ఉడికించి, గొట్టంలో ద్రవంతో పోస్తారు. రాబర్ట్‌సన్స్ కుక్డ్ మీట్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటిది. వాడేముందు మరిగే నీళ్ళలో పెట్టి అందులో కరిగిన గాలిని వెళ్ళగొడతాం. పైన లిక్విడ్ పారఫిన్ ఒక పొర పోస్తాం, జాడీలో ఆవకాయ మీద నూనె తేలేలా పోసినట్టే, గాలి దిగకుండా. లోపల చక్కెరలు వాడే రకం పెరిగితే మాంసం గులాబి రంగుకి తిరుగుతుంది. మాంసకృత్తుల్ని విరిచే రకమైతే నల్లబడి, మూత తీస్తే మొత్తం అంతస్తు ఖాళీ అవుతుంది.

ఆటో అతని ప్లేట్ల మీద మూడు నాలుగు రకాల కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్కలు, వచ్చాయి. అందులో ఒకదాన్ని చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడితే ఇటుక రంగులో మెరిసింది. వారం దాటాక మామూలు వెలుతురులో అవే కాలనీలు నల్లగా మారాయి. ప్రీవొటెల్లా అనే అనరోబ్ అది. ఆ మెరుపు చూపించడానికి నేను ఫస్టియర్ పిల్లల్ని పిలుస్తాను. జీవితాంతం గుర్తుంటుంది. అతను కోలుకున్నాడు, పన్ను తీయించుకున్నాడు. దవడ కింద గట్టి వాపు, మింగలేకపోవడం, మాట మారిపోవడం, ఈ మూడింట్లో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకూడదు. కాపడం జోలికి పోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

చెవి గురించి కూడా ఒక మాట. ఏళ్ళ తరబడి చెవిలో చీము కారుతుంటే ‘చిన్నప్పటి నుంచీ ఉన్నదే’ అని వదిలేసే ఇళ్ళు మన వైపు కొల్లలు. కాచిన నూనె పోస్తారు, కోడి ఈకతో తీస్తారు. ఆ చీములో కంపు మొదలైందంటే అనరోబ్స్ చేరాయన్న అనుమానం రావాలి. ఎముక తిని లోపలికి పోతే పైనున్నది మెదడు.

ఇంకోటి పిడికిలి గాయం. ఎదుటివాడి మూతి మీద గుద్దితే వాడి పన్ను మన వేలి కణుపు మీద గీరుకుంటుంది. చూడ్డానికి చిన్న గీరుడే, కానీ పిడికిలి విప్పగానే తెగిన చోటు కండర తాడుతో పాటు వెనక్కి జారి మూసుకుంటుంది. నోట్లోని సరుకంతా కీలులో బందీ. సంక్రాంతి వెళ్ళాక ఇలాంటి చేతులు వస్తాయి. ఎలా తగిలిందంటే "తలుపు సందులో పడిందండి" అంటారు. తలుపుకి పళ్ళుండవు బాబూ, నిజం చెప్తే మందు సరిగ్గా పడుతుంది అంటే అప్పుడు పక్కనున్న తమ్ముడు నవ్వుతాడు.

మా చెల్లెలి మావయ్యగారి సంగతి చెప్పలేదు కదూ. పాతికేళ్ళ షుగరు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడిలో చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేశారు. పాదాల నరాలు మొద్దుబారి ఉన్నాయి కాబట్టి రాయి కాలుతున్నా తెలియలేదు. ఇంటికొచ్చాక బొబ్బలు చూసింది ఆయన కాదు, అత్తగారు. బొబ్బ చితికి, పైన పుండు చిన్నదిగానే కనపడుతూ, కింద సొరంగంలా లోపలికి పోయింది. షుగరు కాలికి రక్తం సరిగ్గా అందదు, అందని చోట ఆక్సిజన్ తక్కువ, ఇక అనరోబ్స్‌కి కావలసిందేముంది. పై నుంచి అద్దిన స్వాబ్‌కి లోపల ఉన్నవి అందలేదు, అందినవీ దారిలో చచ్చాయి. "సర్జన్‌గారిని లోతులో ముక్క తీసి పంపమని అడుగు, గాలి లేకుండా కూడా కల్చర్ చేయమని రాయించు" అన్నాను. ముక్కలో ఈ.కొలై, బాక్టీరాయిడిస్, ఇంకో గుండ్రటి అనరోబ్ కలిసి వచ్చాయి. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. పాదం దక్కింది. మందు కన్నా ముందు చచ్చిన కండని కోసి తీసేయడం ముఖ్యం. గడ్డలోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు ఎలా పోతుంది? "ఆపరేషన్ వద్దు, ఇంజెక్షన్లతో తగ్గించండి" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

మందు అంటే ఎక్కువగా మెట్రోనిడజోల్. సర్జరీ వార్డులో ప్రతి స్టాండుకీ వేలాడే వంద మిల్లీలీటర్ల మెట్రోజిల్ బాటిల్ అదే. 1950ల చివర ఫ్రాన్స్‌లో, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం తయారైన మందు. అనరోబ్స్ మీద పనిచేస్తుందని అనుకోకుండా బయటపడింది. 1962లో షిన్ అనే ఆయన వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశాడు: ట్రైకోమోనాస్‌కి ఈ మాత్ర వాడిన ఒకావిడకి, దాంతో పాటే చిగుళ్ళ పుళ్ళు కూడా తగ్గిపోయాయట. ఆవిడ ఆ మాట చెప్పకపోతే ఏమయ్యేదో! పేషెంట్ చెప్పే ‘అనవసరం’ ముక్కల్ని కూడా రాసుకోమని పీజీలకి చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఆ మాత్ర పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. మింగినప్పుడు అది విషం కాదు. గాలి లేని కణంలోకి వెళ్ళాక అక్కడి ఎలక్ట్రాన్లు అందుకుని విషంగా మారి డీఎన్ఏను తెంపుతుంది. ఆక్సిజన్‌తో బతికే కణంలో ఆ మార్పు జరగదు. జెంటామైసిన్, అమికాసిన్ సరిగ్గా దీనికి తిరగేసి. అవి బ్యాక్టీరియా లోపలికి దూరాలంటే ఆక్సిజన్‌తో నడిచే దారి ఉండాలి, అనరోబ్స్‌లో అది లేదు, కాబట్టి వాటికి ఏమీ కాదు. పేగులో అమీబాకి కూడా మెట్రోనిడజోల్ పనిచేసేది ఇందుకే, అదీ గాలి లేకుండా బతికేదే. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుందని అందరూ తిట్టుకుంటారు. ఉంటుంది. కోర్సు పూర్తి చేయాల్సిందే.

ఇక నాకు నిజంగా కోపం వచ్చే చోటు. మన ఊళ్ళలో విరేచనాలు అనగానే మెడికల్ షాపులో ఇచ్చేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. ఆర్నిడజోల్ మెట్రోనిడజోల్ తమ్ముడే. చాలా నీళ్ళ విరేచనాలు వైరస్ వల్ల వస్తాయి, లేదా వాటంతట అవే తగ్గేవి. కావలసింది ఓఆర్ఎస్. ఆ మాత్రతో వైరస్‌కి ఏమీ కాదు, పేగులో బ్యుటిరేట్ తయారు చేస్తున్న లక్షల కోట్లకి మాత్రం దెబ్బ. మూడో రోజుకి ఎలాగూ తగ్గే విరేచనం తగ్గుతుంది, పేరు మాత్రకి వస్తుంది, మళ్ళీసారి చీటీ లేకుండా అదే పేరు చెప్పి కొంటారు. "బాగా పనిచేస్తుంది మేడమ్" అని మా అటెండరే నాకు చెప్పాడు.

పేగులో అనరోబ్స్ ఇలా ఖాళీ అయితే ఆ చోట్లో పెరిగేది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్. అదీ అనరోబే, కానీ విషం వదిలేది. ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండి యాంటీబయాటిక్స్ వాడిన పెద్దవాళ్ళకి వస్తుంది. దాని వల్ల వచ్చే విరేచనం కొందరిలో మందు ఆపగానే మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. దానికి దొరికిన వైద్యం వింటే ముందు ఎవరైనా ముక్కు మూసుకుంటారు: ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని శుద్ధి చేసి రోగి పేగులోకి ఎక్కించడం. 1958లోనే అమెరికాలో ఐజ్‌మన్ అనే సర్జన్, యాంటీబయాటిక్స్ తర్వాత పేగు పాడైన కొందరికి ఇలా చేసి రాశాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2013లో నెదర్లాండ్స్‌లో సరైన పరీక్ష జరిగింది. దాత మలం అందుకున్న 16 మందిలో 13 మందికి మొదటి విడతకే తగ్గింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో తగ్గింది నలుగురికి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. 2023లో అమెరికా ఔషధ సంస్థ మింగే క్యాప్సూల్‌కి కూడా అనుమతి ఇచ్చింది. అందులో ఉన్నది దాతల మలంలోంచి వేరు చేసిన బ్యాక్టీరియా బీజాలు.

ఈ పేరా రాస్తూ మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మాయి మెడిసిన్ వద్దు, కామర్స్ తీసుకుంటానంది.